ఎర్ర పెన్నుతో నేను కొట్టేసిన అణువు

ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో నేను మూడేళ్లు కెమిస్ట్రీ చెప్పాను. చెప్పాననడం పెద్ద మాట. అరిపించాను. జమ్మలమడుగులో పొద్దున్నే బస్సెక్కి, గేటు దగ్గర వేలిముద్ర వేసి, మూడో అంతస్తుకు చేరేసరికి కిటికీలకు నల్ల కాగితం అంటించిన గదిలో డెబ్బై మంది ఆడపిల్లలు గొంతెత్తి అరుస్తూ ఉండేవాళ్లు. "వన్ ఎస్, టూ ఎస్, టూ పీ, త్రీ ఎస్!" పరమాణువులో ఎలక్ట్రాన్లు ఏ వరుసలో నిండుతాయో చెప్పే పాఠం అది. ఆ వరుసలోనే ఎందుకు నిండుతాయన్నది ఎవరికీ అక్కర్లేదు.

గది మూలన కెమెరా ఉండేది. కింద డీన్ గదిలో టీవీ మీద మా అందరి నోళ్లూ కనిపించేవి. ఎవరి నోరు కదలకపోతే ఆ పిల్లను నిలబెట్టమని ఆయా చీటీ పట్టుకొచ్చేది. గదిని ఆనుకునే బాత్రూములు. ఫినాయిలు వాసన, దాని కింద దాగని అసలు వాసన, హాస్టల్ సాంబారు వాసన కలిసి నా చీరకు పట్టుకుని ఇంటిదాకా వచ్చేవి. ఇంటికి రాగానే స్నానం చేసేదాన్ని. అది శుభ్రత కోసం కాదు, అసహ్యం తీర్చుకోవడానికి.

ప్రభుత్వ పాఠ్యపుస్తకం క్లాసులోకి తేకూడదు. కాలేజీవాళ్లు అచ్చు వేయించిన మెటీరియల్ మాత్రమే చదవాలి. పాఠాన్ని నమిలి, మింగి, మళ్లీ బయటికి తీసినట్టు ఉండేది ఆ పుస్తకం. రసాయన బంధం మొత్తం పదకొండు పేజీల్లో అయిపోయేది.

రెండో ఏడు నా క్లాసులోకి ఒక పిల్ల వచ్చింది. పెద్దముడియం దగ్గర పల్లె. తండ్రి శనగ వేసే రైతు. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆమే. సన్నగా, పొడుగ్గా, నూనె రాసిన జడతో మూడో బెంచీ చివర కూర్చునేది. అందరితో పాటు అరిచేది కాని మధ్యలో ఆగిపోయి బోర్డు వైపు చూస్తూ ఉండిపోయేది. ఒకరోజు చెయ్యెత్తింది.

"మేడం, ప్లస్సు మైనస్సును లాక్కుంటాది అంటిరి గదా. కేంద్రకం ప్లస్సు, ఎలక్ట్రాను మైనస్సు. మరి అది పోయి దాంట్లో పడిపోవల్ల గదా? ఎందుకు పడల్యా?"

నా చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. ఎమ్మెస్సీలో నా తలను నెలలపాటు తిన్న ప్రశ్న అది. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే దాని ముందు కూలబడ్డారనీ, ఎలక్ట్రాన్‌ను గుండులాగా ఊహించుకోవడంలోనే చిక్కు ఉందనీ, దానికి ఫలానా చోటు అంటూ ఉండదనీ, చాలా చిన్న చోటుకు అదిమిపెట్టే కొద్దీ దాని వేగం పెరిగిపోతుందనీ చెప్పడం మొదలుపెట్టాను. డెబ్బై మందీ అరవడం ఆపి వింటున్నారు. ఆ మూడేళ్లలో నేను పాఠం చెప్పానని అనుకోగలిగిన పది నిమిషాలు అవే.

ఆయా చీటీ పట్టుకొచ్చింది. కింద డీన్ పిలుస్తున్నాడు.

డీన్ లెక్కల మనిషి. కెమిస్ట్రీ రాదు, రాదన్న సిగ్గూ లేదు. "ఏంది మేడం, పిల్లోళ్లంతా నోరు మూసుకోని కూసున్నారు? ఏం జరుగుతాంది ఆడ?" అన్నాడు. పాఠం జరుగుతోందని చెప్పాను. "అది పరీక్షలో వస్తాదా?" అని అడిగాడు. రాదన్నాను. "మరింకేంది?" అన్నాడు. నేను పైకి వెళ్లి మళ్లీ అరిపించాను. ఆ పిల్ల ఇంకెప్పుడూ చెయ్యెత్తలేదు.

నెల తర్వాత సాయంత్రం స్టడీ అవర్‌కు నా డ్యూటీ పడింది. ఆ పిల్ల బెంచీ కింద ఏదో దాచుకుంటోంది. తీయమన్నాను. భయపడుతూనే టిఫిన్ డబ్బా తీసింది. అందులో నానబెట్టిన శనగలు, వాటికి గుచ్చిన చీపురు పుల్లలు. ఒక శనగ మధ్యలో, నాలుగు శనగలు నాలుగు దిక్కుల. మీథేన్! ఇంకొకటి అమ్మోనియా, ఇంకొకటి నీళ్లు. అన్నీ సరైన కోణాల్లో ఉన్నాయి. నాలుగో బొమ్మలో మధ్య శనగకు నాలుగు పుల్లలే కాక, ఐదో వైపు ఒక చింతగింజ గుచ్చి ఉంది.

"ఇదేంది?" అన్నాను.

"సల్ఫర్ టెట్రాఫ్లోరైడు మేడం. చింతగింజ ఒంటరి ఎలక్ట్రాన్ జంట. అది శానా చోటు ఆక్రమించుకుంటాది. మిగతావాటిని పక్కకు నెట్టేస్తాది. అందుకే ఇది మీథేను మాదిరి ఉండదు. తూగుడు బల్ల మాదిరి ఉంటాది."

నిజమే. బడి ఆవరణలో పిల్లలు రెండు చివర్ల కూర్చుని ఎగిరి దిగే తూగుడు బల్ల ఆకారమే దానిది. సీసా అంటారు ఇంగ్లీషులో. మెటీరియల్‌లో ఇంత వివరం లేదే, ఎక్కడ చదివావని అడిగితే, పెట్టె అడుగున పాఠ్యపుస్తకం దాచుకుని, బట్టలు ఉతికే వేళ చదువుతున్నానని చెప్పింది. దొంగతనం ఒప్పుకుంటున్నట్టు చెప్పింది. చదువుకునే పుస్తకాన్ని ఒక పిల్ల దొంగసొత్తులాగా దాచుకునే చోట నేను పని చేస్తున్నాను.

ఆ వారం పరీక్షలో అదే ప్రశ్న వచ్చింది. సల్ఫర్ టెట్రాఫ్లోరైడ్ ఆకృతి ఏమిటి, కారణం రాయండి. రెండు మార్కులు. హెడ్డాఫీసు నుంచి వచ్చిన జవాబుల కీలో 'టెట్రాహెడ్రల్, నాలుగు బంధాలు ఉన్నందువల్ల' అని ఉంది. అంటే మీథేన్ ఆకారం. శుద్ధ తప్పు. మెటీరియల్‌లో కూడా అదే తప్పు అచ్చయిందని అప్పుడు చూశాను.

స్టాఫ్ రూములో కూర్చుని పేపర్లు దిద్దుతున్నాను. డెబ్బై పేపర్లలో అరవై తొమ్మిదింటిలో తప్పు జవాబుకు టిక్కు పెట్టాను. ఒక్క పేపర్లో తూగుడు బల్ల బొమ్మ గీసి ఉంది. ఒంటరి జంటను రెండు చుక్కలుగా పెట్టి, దాని పక్కన చిన్న అక్షరాలతో కారణం రాసింది. పేరు చూడక్కర్లేదు. దిద్దిన పేపర్లను కీతో సరిచూసే మనిషి వేరే ఉంటాడు, తేడా వస్తే సంజాయిషీ రాసివ్వాలి. నేను ఎర్ర పెన్నుతో ఆ బొమ్మ మీద అడ్డంగా గీత కొట్టి సున్నా వేశాను. తెలిసే వేశాను. తర్వాత టీ తాగాను.

మరునాడు ఆ పిల్ల పేపరు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "మేడం, నాది యాడ తప్పు?"

"కీలో అట్లా లేదు," అన్నాను.

"కీలో కాదు మేడం. యాడ తప్పు?"

పేపరు మడిచి తిరిగి ఇచ్చాను. అదే పేపరు తీసుకుని తిన్నగా డీన్ దగ్గరికి పోయింది. పదహారేళ్ల పిల్లకు ఆ ధైర్యం ఎక్కడిదో. ఆయన మూడు రోజులకు తండ్రిని పిలిపించాడు.

నన్నూ గదిలోకి రమ్మన్నారు. తండ్రి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. శనగ విత్తే రోజులు, చేలో నుంచి అట్లే వచ్చినట్టున్నాడు, కాళ్లకు నల్లరేగడి ఎండిపోయి ఉంది. కుర్చీలు ఖాళీగా ఉన్నా ఎవరూ కూర్చోమనలేదు.

"సూడప్పా, మీ పాప కీ తప్పంటాది. ఎమ్మెస్సీ చదివిన సార్లు రాసిన కీ. సీసా అంటాది. సీసా ఏంది? బాటిలా?" అని డీన్ నవ్వాడు. పక్కనున్న క్లర్కు కూడా నవ్వాడు.

తండ్రికి ఏమీ అర్థం కాలేదు. నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా. మా పాప రాసింది తప్పేనా?"

ఆ పిల్ల నా ముఖం వైపే చూస్తోంది. ఒక్క మాట అంటే చాలు. ఆ ఒక్క మాట కోసమే కదా నేను ఐదేళ్లు యూనివర్సిటీలో చదివింది.

"మన కీ ప్రకారం తప్పే," అన్నాను.

తండ్రి కూతురు నెత్తి మీద ఒక్కటి వేశాడు. తర్వాత వంగి, టేబుల్ పక్కనుంచి పోయి డీన్ కాళ్లు పట్టుకున్నాడు. "ఈతూరికి ఇడిసిపెట్టండి సార్. సదువు లేనోళ్లం. మీరు చెప్పిందే కరెక్టు సార్." డీన్ కాళ్లు వెనక్కి తీసుకోలేదు. నాకు అసహ్యం వేసింది. డీన్ మీద కాదు, నా నోట్లో ఇంకా తడి ఆరని ఆ మాట మీద.

ఆ పిల్లను కింది సెక్షనుకు మార్చారు. పేరుకే కింది సెక్షను, అది మిద్దె మీది రేకుల షెడ్డు. నీళ్ల ట్యాంకు పక్కన. మధ్యాహ్నమయ్యేసరికి అక్కడ కూర్చున్న పిల్లలకు ముక్కుల్లోంచి రక్తం కారేది. హాస్టల్‌లో పెట్టెలు తనిఖీ చేసి పాఠ్యపుస్తకం లాక్కున్నారు. పురుగులు పడతాయని వార్డెన్ టిఫిన్ డబ్బాలోని బొమ్మల్ని ఎంగిలి సాంబారు బకెట్లో గుమ్మరించిందని ఎవరో పిల్ల చెప్పింది. పండగ సెలవులకు ఇంటికి పోయిన ఆ పిల్ల తిరిగి రాలేదు.

నేను మాత్రం రోజూ అదే బస్సెక్కాను. ఇంకో ఏడాది.

మళ్లీ అదే పాఠం వచ్చింది. కొత్త మెటీరియల్, కొత్త అట్ట, రంగు రంగుల అక్షరాలు. పేజీ తిప్పాను. టెట్రాహెడ్రల్, నాలుగు బంధాలు ఉన్నందువల్ల. ఒక్క అక్షరం మారలేదు. చచ్చిన ఎలుక పక్కన అన్నం తిన్నట్టనిపించింది. పుస్తకం మూసి, బోర్డు మీద పెద్దగా ఐదు ఎలక్ట్రాన్ జంటలు గీశాను. "మీ పుస్తకంలో ఉన్నది తప్పు. పోయినేడు దీన్ని సరిగ్గా రాసిన పిల్లకు నేను సున్నా వేశాను. నేను తెలిసే వేశాను," అన్నాను. కెమెరా వైపు తిరిగి మరోసారి అన్నాను, కింద టీవీలో మాటలు వినపడవని తెలిసి కూడా.

పది నిమిషాల్లో డీన్ స్వయంగా పైకి వచ్చాడు. "మేడం, మీ ఆరోగ్యం బాగల్యా. ఇంటికి పొండి," అన్నాడు, పిల్లల ముందే, ఎంతో మర్యాదగా. ఆ రోజు నుంచి గేటు దగ్గర నా వేలిముద్ర పడలేదు. చేరేటప్పుడు కాలేజీవాళ్లు తీసిపెట్టుకున్న నా ఒరిజినల్ సర్టిఫికెట్ల కోసం నాలుగు నెలలు తిరిగాను. ఒకసారి తాళంచెవి లేదంటారు, ఒకసారి సారు లేడంటారు. చివరికి జిరాక్సు షాపువాడు ఇచ్చినట్టు ఒక కవరు విసిరేశారు. డిగ్రీ పట్టా మీద టీ మరక ఉంది.

ఇప్పుడు పులివెందులలో ఒక కాలేజీలో గెస్టు లెక్చరర్‌గా చెబుతున్నాను. పెద్ద గొప్పేమీ కాదు. ల్యాబులో సగం సీసాలకు లేబుళ్లు లేవు, కొళాయిలో నీళ్లు రావు. కాని తప్పును తప్పంటే ఎవరూ చీటీ పంపరు.

ఆ పిల్లకు క్షమాపణ చెప్పాలని పోయిన వేసవిలో వాళ్ల పల్లెకు పోయాను. అడ్రసు ఆ పిల్ల పాత క్లాస్‌మేట్ ఒకామె చెప్పింది. తండ్రి వాకిట్లోనే ఉన్నాడు, చూడగానే గుర్తుపట్టాడు. "అయ్యో, మేడమ్మ! రామ్మా, కూసోమ్మా. ఇంత దూరం మా పాపను సూడను వచ్చినావా!" అంటూ మంచం వాల్చి దుప్పటి పరిచి, మజ్జిగ తెప్పించాడు. ఆ మర్యాదకు తల ఎత్తలేకపోయాను.

పిల్ల లోపల నుంచి వచ్చింది. ఇంకా పొడుగైంది. తండ్రి ఎద్దుల దగ్గరికి పోయాక అడిగాను, ఏం చదువుతున్నావని.

"బీకామ్ మేడం, జమ్మలమడుగులో."

"సైన్సు?"

"ఇంటరులోనే ఇడిసిపెట్టినా. ఆడ నుంచి వచ్చినాక గవర్నమెంటు కాలేజీలో సీఈసీలో చేరినా. కెమిస్ట్రీ నాకు రాదనుకున్నా మేడం. వచ్చనుకోని పొరపాటు పడినానేమో అనుకున్నా."

"నువ్వు రాసిందే రైటు. నేను తప్పు కొట్టినాను," అన్నాను.

ఆమె మంచం నులకలో వేలు పెట్టి తిప్పుతూ ఉంది. "ఆ పొద్దు మీకు తెలుసునా? తెలిసే కొట్టినారా?"

"తెలిసే కొట్టినా."

ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. లేచి నా గ్లాసు తీసుకుని లోపలికి పోయింది. నేను బయల్దేరేదాకా రాలేదు. తండ్రి బస్సు దాకా వస్తానంటే, "నువ్వుండు నాయనా, నేను పోయొస్తా," అని ఆమే వచ్చింది.

రోడ్డు మీద నీడ లేదు. దూరాన బస్సు కనిపించాక అంది:

"మేడం, ఇంగ మా ఇంటికి రాకండి. ఒకవేళ మా నాయన మీకు యాడన్నా కనపడితే, ఈ మాట ఆయనకు చెప్పొద్దండి."

"ఏ మాట?"

"నేను రాసింది రైటు అన్న మాట. ఆయన ఆ సారు కాళ్లు పట్టుకున్న్యాడు గదా."

బస్సు ఆగింది. ఎక్కి వెనక సీటులో కూర్చున్నాను. ఆమె ఇంటి వైపు తిరిగి నడుస్తూ ఉంది. నాకు చెయ్యి ఊపే ముఖం లేదు.