వైరు కోసేసిన గది

ఆ రోజు నేను చేసిన తప్పు ముందు చెబుతాను. గద్వాలలో ఒక నర్సింగ్ హోం ఫోన్ల పెట్టెకు రిపేరు చేసి, బయటి నుంచి ఒక్క కాల్ కూడా చేసి చూడకుండా వనపర్తి బస్సెక్కాను. అన్నీ పనిచేస్తున్నాయా అని డాక్టరమ్మ అడిగితే, చేస్తున్నాయి మేడం అన్నాను.

దయ్యాలంటారా, వైర్లతో బతికినవాణ్ణి. ఫోన్ దానంతటది మోగిందని ఎవరైనా అంటే ఎక్కడో రెండు తీగలు తాకుతున్నాయనుకునేవాణ్ణి. తొంభైల చివర్లో జరిగిన ఈ సంగతిలో కూడా నా మొదటి అనుమానం అదే.

అప్పట్లో నేను వనపర్తిలో ఒక షాపులో పనిచేసేవాణ్ణి. అక్కడా, గద్వాలలో, నాగర్‌కర్నూల్‌లో మిల్లులకూ దవాఖానలకూ బిగించిన ఇంటర్‌కం ఎక్స్ఛేంజీలను చూసుకోవడం నా పని. బయటి కాల్ ముందు ఏ గదిలో మోగాలి, అక్కడ ఎవరూ ఎత్తకపోతే తర్వాత ఎక్కడికి పోవాలి, ఇదంతా ఆ పెట్టె గుర్తుపెట్టుకుంటుంది. లోపలి చిన్న బ్యాటరీ చచ్చిపోతే అంతా మరిచిపోతుంది. అందుకే ఏ మార్పు చేసినా వెంటనే ఫ్లాపీలోకి కాపీ తీసి ఉంచుకోవాలి. అవసరం పడ్డప్పుడు ఆ కాపీని తిరిగి పెట్టెలోకి ఎక్కించాలి.

కాపీ తీయాల్సింది నేనే. చాలాచోట్ల తీయకుండానే తీశానని చెప్పాను.

ఆ నర్సింగ్ హోంలో బసమ్మ అనే ఆపరేటర్ ఉండేది. మెట్ల కింద చిన్న గది ఆమెది. రిసెప్షన్‌లో ఎవరూ ఎత్తని కాల్ ఆమె గదికి పోయేది. ఆమె చనిపోయాక ఆ గదిని మందుల స్టోరు చేశారు. ఫోన్ తీసేసి, వైరు కోసి, కొనకు టేపు చుట్టింది నేనే. ఎవరూ ఎత్తని కాల్స్ ఇక పైనున్న నర్సుల గదికి పోయేలా మార్చింది కూడా నేనే. కాపీ మాత్రం తీయలేదు.

ఏడాది తర్వాత పెట్టెలో బ్యాటరీ పోయింది. కొత్తది వేసి, ఉన్న ఫ్లాపీనే ఎక్కించాను. ఎక్కిస్తున్నప్పుడే ఇది పాతదేమో అన్న అనుమానం తగిలింది. మధ్యాహ్నం బస్సుకు టైమవుతోంది. గదుల్లో ఫోన్లు మోగాయి కదా, అది చాలనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే షాపుకు డాక్టరమ్మ ఫోన్ చేసింది. "ఏం బాగు చేసినవయ్యా? నిన్న నువ్వు పోయినకాన్నుంచి నా రూమ్‌ల ఫోన్ ఊకె మోగుడే. ఎత్తితే ఎవ్వరు మాట్లాడరు. నేను కర్నూలుకు పోదామని లేచినప్పుడల్లా మోగే. ఆఖరికి పోనేలేదు."

గద్వాల బస్సులో కూర్చున్నాక భయం మొదలైంది. డాక్టరమ్మ చెప్పిన మోత గురించి కాదు. ఫ్లాపీ పాతదైతే, నిన్నటి నుంచి రిసెప్షన్‌లో ఎత్తని ప్రతి కాలూ ఫోనే లేని గదికి పోతోంది. ఇవతల ఏమీ వినిపించదు. అవతల ఫోన్ చేసినవాడికి మాత్రం మోగుతున్నట్టే ఉంటుంది. ఎవరో ఎత్తుతారని ఆశతో పట్టుకునే ఉంటాడు. అదీ దవాఖాన నంబరు. జూరాల డ్యాం మీద బస్సు మెల్లగా పోతుంటే, దిగి పరుగెత్తాలనిపించింది.

పెట్టె తెరిచి చూస్తే నా భయం నిజమే. ఎత్తని కాల్స్ అన్నీ బసమ్మ గదికే రాసి ఉన్నాయి. రిసెప్షన్‌లో ఉండే రజితను, నిన్న అన్నానికి ఎంతసేపు పోయావని అడిగాను.

"జరసేపే అన్నా. ఏమైంది?"

ఏమైందో చెప్పేలోగా ఒకాయన వచ్చాడు. ఆత్మకూరు దగ్గరి రైతు. చేతిలో పేడాల మిఠాయి డబ్బా. ముందురోజు మధ్యాహ్నం భార్యకు నొప్పులొచ్చి, రక్తం పోతుంటే జీపులో ఇక్కడికి తెచ్చాడట. ఆపరేషన్ చేశారు. తల్లీ బిడ్డా బతికారు.

"నిన్న ఫోన్ల మాట్లాడిన అక్క ఏదమ్మా? ఆమెకు పేడాలియ్యాలె," అన్నాడు.

"నిన్న నాకు నీ ఫోనే రాలే గదనే," అంది రజిత.

"నువ్వు గాదు, పెద్దమనిషి గొంతు. ఎస్టీడీ బూతుల కెళ్ళి చేసిన. చానసేపు మోగినంక ఎత్తింది. హలో అనలే. హేళ్రి అన్నది. గద్వాలకు చేస్తె రాయచూరుకు కలిసిందేందిరా అనుకున్న."

రజిత కుర్చీలోంచి లేచి నిలబడింది. హేళ్రి అంటే కన్నడంలో చెప్పండి అని. బసమ్మది రాయచూరు వైపు. ఆమె ఫోన్ ఎత్తి ఒక్కనాడూ హలో అనలేదు. రోగం చెప్పుకునేటోనికి హలో ఎందుకే, చెప్పమంటె చాలు అనేది.

"ఏం మాట్లాడింది?" అని అడిగాను.

"ఎన్నో కాన్పన్నది. రక్తం పోతుందా అన్నది. వనపర్తికి తీస్కపోతమంటె వద్దన్నది, గక్కడ ఇయ్యాల డాక్టర్లు లేరంట. నేను మేడంను ఆపుత, మీరు జల్ది రాండ్రి అన్నది. గంతే సారు."

తప్పు నంబరేమో అన్నాను. జేబులోంచి బూతు రసీదు తీసి చూపించాడు. ఇదే నంబరు.

స్టోరు తాళం తీయించాను. అట్టపెట్టెలు జరిపి చూశాను. గోడ దగ్గర వైరు నేను కోసినట్టే ఉంది. టేపు మీద దుమ్ము కూడా చెదరలేదు. పెట్టెలో డాక్టరమ్మ గది లైనంతా వెతికాను. ఎక్కడా తీగలు కలిసి లేవు. తర్వాత ఆ ఫోన్ ఊరికే మోగనూ లేదు.

అప్పుడే ఆ రైతుకు నిజం చెప్పాను. నీ ఫోన్ ఎవరూ లేని గదికి పోయింది, అది నా తప్పువల్లే, నీ భార్యకు ఏమైనా అయ్యుంటే దానికి నేనే కారణం అన్నాను. కోప్పడతాడనుకున్నాను.

"ఎవ్వరు లేకుంటె నాతోని మాట్లాడిందెవరు సారు?" అన్నాడు. అనుమానంగా నన్నే చూశాడు, నేనేదో దాస్తున్నట్టు.

డాక్టరమ్మకు కూడా చెప్పాను. "ముందు అది సరిచెయ్," అంది. సరిచేశాను. కాపీ తీశాను. ఎదురుగా ఉన్న బూతుకు పోయి ఫోన్ చేశాను. ఎత్తొద్దని రజితకు చెప్పి, పైన నర్సు ఎత్తేదాకా పట్టుకున్నాను.

ఆ వారమంతా మూడు ఊళ్ళు తిరిగాను. పోయిన ప్రతిచోటా మీ కాపీ పాతది, తీశానని అబద్ధం చెప్పాను అని ఒప్పుకున్నాను. నాగర్‌కర్నూల్‌లో ఒక జిన్నింగ్ మిల్లు మేనేజరు, "ఇన్ని దినాలు పైసలు దేనికి తీస్కున్నవ్ మరి?" అని అందరి ముందూ అడిగాడు. తల దించుకుని కాపీ తీశాను. ఇంకో చోట నన్ను మళ్ళీ రావద్దన్నారు.

పేడాల డబ్బాను ఆ రైతు నా చేతిలోనే పెట్టి పోయాడు, ఎట్లైనా ఆ అక్కకు చేర్చమని. బసమ్మ చెల్లెలిది గద్వాలలోనే నేతగాళ్ళ ఇల్లు. బసమ్మ పోయినప్పుడు నేను ఆ గడప తొక్కలేదు. ఆ రైతు వచ్చిన రోజు సాయంత్రమే పోయాను. ఆమె మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి చీర నేస్తోంది. నన్ను చూసి ఆగింది.

"ఆత్మకూరు నుంచి ఒకాయన పంపిండమ్మా, మీ అక్కకు," అని డబ్బా ఇచ్చాను.

"మా అక్క సచ్చిపోయి ఏడాదాయె గదా బిడ్డా. ఇప్పుడెందుకు పంపిండు?" అంది.

మగ్గం పక్కన కూర్చున్నాను. జరిగింది జరిగినట్టు, నా తప్పు దగ్గర నుంచి మొదలుపెట్టి, ఆమెకు చెప్పాను.