ఇషిత మధ్యాహ్నం నిద్ర గురించి మా బావ తెరిచిన ఫైలు

మా బావ పార్థసారథి ప్రెషర్ కుక్కర్ కొనడానికి ఫైలు తెరిచిన మనిషి. కోతలు కొయ్యడం లేదు. ఆ ఫైలు ఇప్పటికీ సరోజినీ నగర్ క్వార్టర్లో బీరువా మీద ఉంది. మూడు లీటర్లదా, ఐదు లీటర్లదా అన్న ఒక్క విషయం మీద పద్దెనిమిది పేజీలు. చివరి పేజీలో "ఐదు లీటర్లు, ఆమోదించడమైనది" అని సంతకం. ఆ సంతకం పడేనాటికి మా అక్క హారిక ఎప్పుడో కుక్కర్ కొనేసి, అందులో రెండు నెలలు పప్పు ఉడకబెట్టేసింది.

బావ దేశ రాజధానిలో ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసర్. చెడ్డవాడు కాదు. ఎవరినీ విసుక్కోడు, తాగడు, పిల్లకు స్నానం తనే చేయిస్తాడు. ఒక్కటే జబ్బు. ఏ పనైనా సరే, నోట్ రాసి, నలుగురి అభిప్రాయం తీసుకుని, సంతకం పెట్టాకే నిజమని నమ్ముతాడు. ఆఫీసులో కాగితం పోయి అంతా కంప్యూటర్ మీదికి వచ్చేసరికి ఆయన చేతులకు పని లేకుండా పోయింది. దాంతో బజారులో పచ్చ నోట్ షీట్లు కొనుక్కొచ్చి, కొసలకు ఇనుప ముక్కలున్న ట్యాగులు కొనుక్కొచ్చి, ఇంట్లో మొదలుపెట్టాడు.

ఇంట్లో ఇది సాగడానికి ఇంకో కారణం ఉంది. కూలర్. ఏసీ గాలి పడితే బావకు మెడ పట్టేస్తుంది, అందుకని మా కిటికీలో పాత ఇనుప కూలర్ ఉంటుంది. దాని మోటారు వయసులో నాకన్నా పెద్దది. ఏప్రిల్లో వేస్తే ఆగస్టు దాకా రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటుంది. అది తిరుగుతున్నంతసేపూ ఒకరు చెప్పింది ఇంకొకరికి వినపడదు. అలాంటి ఇంట్లో కాగితం మీద రాసి అందించడం మరీ అంత పిచ్చి పని కాదు. ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో వదిలేసి నేను వీళ్ళింటికి వచ్చిన కొత్తలో ఒక వారం నిద్రపట్టలేదు. తర్వాత అది ఉందన్న సంగతే మర్చిపోయాను. ఆ ఇంట్లో అందరూ అంతే.

మొన్న మే నెలలో అక్క ఒక కోరిక కోరింది. యమునా ఎక్స్‌ప్రెస్‌వే పక్కన కొత్తగా పెద్ద పార్కు పెట్టారు, అందులో రోలర్ కోస్టర్ ఉంది, అది ఎక్కాలి. పెళ్ళికి ముందు ఏలూరు ఎగ్జిబిషన్లో జెయింట్ వీల్ ఆపకుండా ఐదుసార్లు ఎక్కి, నడిపేవాణ్ణే భయపెట్టిన మనిషి మా అక్క. ఇషిత పుట్టి రెండున్నరేళ్ళయింది. ఈ రెండున్నరేళ్ళలో ఇంట్లో బాత్రూముకైనా ఒంటరిగా వెళ్ళలేదు, ఎందుకంటే ఆ పిల్ల మెలకువగా ఉన్నంతసేపూ అమ్మ చున్నీ కొస వదలదు. నా దగ్గర ఉండదు, వాళ్ళ నాన్న దగ్గర పావుగంట ఉంటుంది, పదహారో నిమిషం నుంచి డేకేర్ హిందీలో "మమ్మా కహాఁ" అని అమ్మను వెతకడం మొదలెడుతుంది. డేకేర్లో దింపేటప్పుడు రోజూ యుద్ధమే.

"ఇంట్లో అరిస్తే ఎవరికీ వినపడదు. మా ఆఫీసులో అరిస్తే మెమో ఇస్తారు," అంది అక్క. "అక్కడైతే టికెట్ ఇచ్చి మరీ అరవమంటారు. ఒక్కసారి చాలండీ."

బావ ఆ మాట విన్నాడు. లేచి వెళ్ళి కొత్త ఫైలు కవరు తీశాడు.

సమస్యను ఆయన బాగానే పట్టుకున్నాడు, అది ఒప్పుకోవాలి. అక్క రోలర్ కోస్టర్ ఎక్కాలంటే పిల్ల నిద్రపోవాలి. పిల్ల ఒంటిగంట నుంచి మూడింటి దాకా పడుకుంటుంది. కాబట్టి అసలు ప్రశ్న రైడ్ల గురించి కాదు, పిల్లను ఎక్కడ పడుకోబెట్టాలన్నది. పార్కు లోపలే ఒక హోటల్ ఉంది, గదిలోంచి రైడ్ల దగ్గరికి ఐదు నిమిషాల నడక. బయట, ఎక్స్‌ప్రెస్‌వే దిగాక ఊరి మలుపులో ఇంకో హోటల్ ఉంది, కారులో పది నిమిషాలు. లోపలా, బయటా? ఫైలు పేరు: "చిరంజీవి ఇషిత మధ్యాహ్న నిద్ర, వసతి ఎంపిక."

మూడు వారాలు నడిచింది ఆ ఫైలు. పాలు వేడిచేసే వసతి మీద ఒక పేజీ. పిల్లను కూర్చోబెట్టే తోపుడు బండి లిఫ్టులో పడుతుందా అన్నదాని మీద ఒక పేజీ. పిల్ల మంచం మీంచి దొర్లితే నేల గట్టిగా ఉంటుందా, తివాచీ ఉంటుందా అని ఒకటిన్నర పేజీ. పై అంతస్తులో ఉండే సదాశివరావు అంకుల్, రిటైరైన అండర్ సెక్రటరీ, ఆయన అభిప్రాయం కోసం ఫైలు మెట్లెక్కి వెళ్ళింది. నాలుగు రోజులకు దిగి వచ్చింది. దగ్గర్లో ప్రభుత్వ గెస్ట్ హౌస్ ఏదైనా ఉందేమో విచారించగలరు, అని రాశాడాయన. బావ దానికి వారం రోజులు విచారించాడు. లేదు. అక్క దగ్గరికి ఫైలు వచ్చినప్పుడల్లా చదవకుండా సంతకం చేసేది. ఒకసారి సంతకం బదులు కాకర తీగ గీసింది. బావ దానికీ తేదీ వేసుకున్నాడు.

తర్వాత నన్ను క్షేత్ర పరిశీలనకు పంపాడు. అంటే బండి మీద ఎండలో వెళ్ళి రెండు హోటళ్ళూ చూసి రావాలన్నమాట. లోపలి హోటల్లో చలువరాయి, పూలకుండీలు, గదిలో సూది పడితే వినిపించేంత నిశ్శబ్దం. బయటి హోటల్ చౌధరీ అని ఒక పెద్దాయనది. గదులు శుభ్రంగానే ఉన్నాయి గానీ, కింద హాల్లో పెళ్ళి షామియానాల్లో పెట్టే జంబో కూలర్ ఒకటి ఉంది. అది తిరుగుతుంటే పక్కన ట్రాక్టర్ నిలబెట్టినట్టుంది. ఆయన చెప్పే రేటు వినడానికి ఇద్దరం రోడ్డు మీదికి రావాల్సొచ్చింది. చూసింది చూసినట్టు రాసిచ్చాను.

బావ నా నివేదికకు ఆఫీసు పద్ధతిలో "సి" అని గుర్తు చీటీ అంటించి, నోట్‌లో ఇలా రాశాడు: "బయటి హోటల్లో శబ్దం అధికం. పసిపిల్లల నిద్రకు అనర్హం. లోపలి హోటల్ ఆమోదించడమైనది." ఇదంతా రాసింది మా కూలర్ ముందు కూర్చుని. పక్కన మంచం మీద ఇషిత కాళ్ళూ చేతులూ పారేసుకుని నిద్రపోతోంది. ముగ్గురం చూస్తూనే ఉన్నాం.

జూన్ మొదటి శనివారం వెళ్ళాం. కారు నేను నడిపాను. పిల్ల దారిలో ఒక్క కునుకు తియ్యలేదు, కనపడ్డ ప్రతి లారీకీ "ట్రక్" అని చెప్పాలి కదా. పదకొండింటికి చేరాం. ఒంటిగంట దాకా పిల్ల నీళ్ళ కొలనులో ఆడింది, బాతు బొమ్మ ఎక్కింది, సరోజినీ మార్కెట్లో అక్క ఏరి ఏరి కొన్న ఎండటోపీని కొలనులో వేసి "బై బై" చెప్పింది. రోలర్ కోస్టర్ దగ్గర బోర్డు చూశాం. ఆఖరి ట్రిప్పు ఐదింటికి. ఆదివారం మరమ్మతుల కోసం మూసేస్తారు. అక్క తల వెనక్కి వంచి ఆ ఇనుప చుట్టల్ని చూసిన చూపు ఉందే, బంగారం షాపులో కూడా ఆమె అలా చూడగా నేను చూడలేదు.

ఒంటిగంటకు గదిలోకి వెళ్ళాం. బావ తెరలు దించాడు. బయట తలుపుకు "తట్టవద్దు" అట్ట తగిలించాడు. రిసెప్షన్‌కు ఫోన్ చేసి గదికి ఫోన్ చెయ్యవద్దని చెప్పాడు. చీకటి, చల్లదనం, నిశ్శబ్దం. ఫైల్లో రాసినవన్నీ ఉన్నాయి.

ఇషిత పడుకోలేదు.

ఒకటిన్నరకు మంచం మీద గెంతడం మొదలెట్టింది. రెండింటికి దిండ్లు కింద పడేసింది. నిద్ర రాక కాదు, కళ్ళు ఎర్రబడ్డాయి, ఆవలింతలు వస్తున్నాయి, పడుకుంటుంది, నిశ్శబ్దంలో రెండు నిమిషాలు చెవులు రిక్కించి, ఏదో పోగొట్టుకున్నదానిలా లేచి కూర్చుంటుంది. "నహీ సోనా," అంటుంది, పడుకోనని. అక్క జోకొట్టింది, పాట పాడింది, బతిమాలింది. రెండున్నరకు కిటికీ దగ్గరికి వెళ్ళి తెర కొంచెం పక్కకు తీసి చూసింది. దూరంగా రోలర్ కోస్టర్ పైకెక్కుతోంది. తెర వేసేసింది. అక్క తిడితే భరించవచ్చు. మాట్లాడకపోతే గదిలో నిలబడలేం.

మూడింటికి పిల్ల నీళ్ళు ఒంపుకుంది. ఆ తడిబట్టలు ఆరబెట్టడానికి అక్క బాత్రూములో హెయిర్ డ్రైయర్ వేసింది. బుర్రుమని మోత. మంచం మీద గెంతుతున్న పిల్ల గెంతుతున్నదల్లా ఆగింది. కూర్చుంది. ఒరిగింది. బొటనవేలు నోట్లోకి వెళ్ళింది. కళ్ళు మూతపడ్డాయి. అప్పుడే డ్రైయర్ వేడెక్కి ఆగిపోయింది. కళ్ళు తెరుచుకున్నాయి.

ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"కూలర్," అన్నాను నేను.

బావ మంచం అంచున కూలబడ్డాడు. నలభై రెండు పేజీలు. పాలు ఉన్నాయి, లిఫ్టు ఉంది, తివాచీ ఉంది. కూలర్ లేదు. మాకే వినపడనిది ఫైల్లోకి ఎలా వస్తుంది.

ఫోన్‌లో కూలర్ చప్పుడు పెట్టి చూశాం. పిల్ల ఫోన్ లాక్కుని బొమ్మలు పెట్టమంది. డ్రైయర్ మళ్ళీ వేస్తే మళ్ళీ ఆగిపోయింది. ఆఖరికి బావ, పన్నెండేళ్ళ సర్వీసున్న సెక్షన్ ఆఫీసర్, కూతురి చెవి దగ్గర నోరు పెట్టి గుర్రుర్రుమని కూలర్ లాగా మోగాడు. మొహం ఎర్రబడి, మెడ నరాలు తేలేదాకా మోగాడు. పిల్ల పకపకా నవ్వి, "పాపా, ఫిర్ సే," అంది, అంటే నాన్నా మళ్ళీ అని. ఏడుసార్లు ఫిర్ సే.

గడియారం మూడున్నర. బయటి హోటల్ హాల్లో జంబో కూలర్ ఉంది కదా అన్నాను. దాన్ని అనర్హమని సంతకం పెట్టింది బావే. బావ చెయ్యి అలవాటుగా సంచిలోని ఫైలు మీదికి వెళ్ళింది. ట్యాగు సగం విప్పాడు. పాత ఉత్తర్వు మార్చాలంటే కొత్త నోట్ రాయాలి, కారణాలు చూపాలి, అక్క సంతకం కావాలి. అక్క ఆయన్ని చూస్తోంది. తిట్టడం లేదు, చూస్తోంది అంతే.

బావ ట్యాగు వదిలేశాడు. "రాయడం తర్వాత," అన్నాడు. "కిరీటీ, కారు తియ్యి."

ఆ మాట ఆయన నోటి నుంచి రావడం నేను విన్నాను కాబట్టి నమ్ముతున్నాను.

చౌధరీ గారికి సంగతి సైగలతో చెప్పాల్సొచ్చింది, కూలర్ తిరుగుతోంది మరి. ఆయనకు అర్థమైనట్టే ఉంది, ఎందుకంటే తన నులక మంచాన్నే కూలర్ ముందుకు జరిపాడు. బావ జేబురుమాలు మెడకు చుట్టుకుని దాని మీద పడుకున్నాడు. పిల్లను పక్కన వేశాడు. ఇషిత ఒకసారి ఆ ఇనుప డబ్బా వైపు చూసింది, ఊరెళ్ళిన చుట్టం తిరిగొచ్చినట్టు. చున్నీ కొస పట్టుకున్న వేళ్ళు ఒక్కొక్కటే వదిలాయి. నేను చూస్తూనే ఉన్నాను, రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

అక్క చున్నీ లాక్కుని పరిగెత్తింది. చెప్పులు కారులో వేసుకుంది.

నాలుగుంపావుకు క్యూలో నిలబడ్డాం. ముందు ఒక గుర్గావ్ ఆఫీసు బృందం మొత్తం ఉంది, అందరూ ఒకే రంగు టీషర్టులు. అక్క వాళ్ళను లెక్కపెడుతూ నిలబడింది. ఐదు కావడానికి నాలుగు నిమిషాలుండగా ఆఖరి ట్రిప్పులో ఆఖరి వరసలో ఆమెకు సీటు దొరికింది. నేను ఎక్కలేదు. నాకు కళ్ళు తిరుగుతాయి. ఈ ముక్క నేను రాసేవాణ్ణి కాదు గానీ ఫైల్లో బావ రాసేశాడు.

బండి పైదాకా ఎక్కి ఒక్క క్షణం ఆగింది. తర్వాత పడింది. కింద అంతమంది జనంలోనూ మా అక్క గొంతు నాకు తెలిసింది. మొదటి మలుపులో ఊరికే అరిచింది. రెండో మలుపులో వాళ్ళ ఆఫీసులో మెమో ఇచ్చే మనిషి పేరు వినపడింది. మూడో మలుపులో, తలకిందులైనప్పుడు, "పార్థసారథీ" అని అరిచింది. పెళ్ళయి ఆరేళ్ళలో మొగుడి పేరు ఆమె నోట రావడం నేను వినడం అదే మొదలు. తిట్టో, పిలుపో కింద ఉన్నవాళ్ళకు తెలిసే వీల్లేదు.

దిగేసరికి జుట్టంతా విడిపోయి, కళ్ళల్లో నీళ్ళు, మొహం వెలిగిపోతోంది. ఎలా ఉందని అడిగాను. నోరు తెరిచింది. గొంతు రాలేదు. పూర్తిగా పోయింది.

మేం తిరిగొచ్చేసరికి హాల్లో ఇద్దరూ నిద్రపోతున్నారు. పిల్ల కాళ్ళు వాళ్ళ నాన్న పొట్ట మీద, వాళ్ళ నాన్న తల కింద ఫైలు. చౌధరీ గారు కూలర్లో నీళ్ళు పోస్తున్నారు. అక్క ఫైలు మెల్లగా లాగేసరికి బావ లేచాడు. ఏమైందని కళ్ళతో అడిగాడు. ఆ మోతలో గొంతున్నవాళ్ళే మాట్లాడలేరు, గొంతు లేని అక్క ఏం చెబుతుంది. బావ జేబులోంచి పెన్ను తీసుకుంది. పచ్చ షీటు మీద ఖాళీ చోటు వెతికి, పెళ్ళయినప్పటి నుంచి మొదటిసారి ఫైల్లో సంతకం కాకుండా ఏదో రాసింది. రాసి, మడత పెట్టి ఆయనకిచ్చింది.

బావ చదివాడు. మళ్ళీ చదివాడు. నాకు చూపించలేదు. ఆ మడత మళ్ళీ వేసి, దాని కిందే తన నోట్ రాయడం మొదలెట్టాడు, అది మాత్రం చూపించాడు: "పేరా పదకొండులో 'శబ్దం అధికం, అనర్హం' అన్నచోట 'శబ్దం అధికం, అందువల్లనే అర్హం' అని చదువుకోవలెను. బస మార్పుకు జరిగిపోయిన తర్వాతి ఆమోదం కోరడమైనది."

అక్క దాని పక్కన సంతకం పెట్టింది. చదివే పెట్టింది. తర్వాత, చెయ్యి ఖాళీగా ఉంది కాబట్టి, పక్కన ఒక కాకర తీగ గీసింది. మా సామానంతా ఇంకా లోపలి హోటల్లోనే ఉందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది నాకు. చెప్పాను. ఎవరికీ వినపడలేదు.