కమాను విరిగిన మధ్యాహ్నం

పెళ్లయి తాడేపల్లిగూడెం వచ్చిన కొత్తలో నాకు లారీ అంటే భయం. అంతవరకూ ఎడ్లబండి ఎక్కాను, పడవ ఎక్కాను, రైలు చూశాను. మా నాన్నగారు మండవల్లిలో మిషన్ బడి పంతులు. మా ఆయనది పెంటపాడు. గూడెంలో ఒక రైసుమిల్లు షావుకారు గారి లారీకి డ్రైవరు. ఆయన అన్నగారు, అంటే మా బావగారు, అదే లారీకి క్లీనరు. అన్నగారికి చూపు ఆనదు. దూరాన ఎద్దు ఉందో మనిషి ఉన్నాడో తెలియదు. అందుకని తమ్ముడు బండి నడిపేవారు, అన్న పక్కన కూర్చునేవారు. ముగ్గురం మిల్లు వెనక పెంకుటింట్లో ఉండేవాళ్లం. లారీ మా గుమ్మం ముందే ఉండేది. నేను పొద్దున్నే ముగ్గు వేస్తుంటే దాని ముందు చక్రం నా వీపు వెనకాలే ఉండేది. అది కదులుతుందేమోనని ముగ్గు మధ్యలో తిరిగి చూసుకునేదాన్ని.

ఆదివారం పని చెయ్యకూడదని మా రెండిళ్లలోనూ పట్టింపు. అందుకని శనివారం సాయంత్రాలు ఆయన గోనెసంచి పరుచుకుని లారీ కిందకి దూరేవారు. ముందు ఇరుసుకీ పైన చట్రానికీ మధ్య ఇనప పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి, విల్లులా వంచి బిగించి ఉంటాయి. వాటిని కమాన్లనేవారు. బరువంతా వాటి మీదే. గతుకులో చక్రం పైకి లేస్తే అవి సాగి, మళ్లీ వంగి, దెబ్బని మింగుతాయి. పట్టీల మధ్య దుమ్మూ నీళ్లూ చేరి తుప్పు పడితే ఒకదాని మీద ఒకటి జారవు. జారకపోతే ఎక్కడో ఒకచోట నెర్రె ఇస్తుంది. ఇదంతా ఆయన కింద నుంచి చెబుతుండేవారు. తుప్పు గీకడం, వాడేసిన ఇంజను నూనె పట్టీల సందుల్లో పోయడం, చివరలనున్న పిన్నులకి గ్రీజు పెట్టడం, సుత్తితో కొట్టి చప్పుడు వినడం. ఖంగుమంటే మంచిది. మొద్దుగా పలికితే పట్టీ మార్చాలి.

నాకు ఆయన కాళ్లు మాత్రమే కనిపించేవి. ఆ రెండు పాదాలూ కాసేపు కదలకపోతే వంగి పిలిచేదాన్ని.

"ఏవండీ, ఉన్నారా?"

"ఎక్కడికి పోతానే? ఇక్కడే ఉన్నా."

ఆయన నవ్వేవారు. నాకు నవ్వొచ్చేది కాదు.

మరుసటి ఏడు తొలకరి పడ్డాక, మా అమ్మకి జ్వరం తగ్గడం లేదని మండవల్లి నుంచి కబురొచ్చింది. లారీ ఆ వారం బియ్యం బస్తాలతో ఏలూరు మీదుగా కొల్లేటి రేవుకి వెళ్లాల్సి ఉంది. లంక ఊళ్లకి బియ్యం అక్కడి నుంచి పడవల మీద పోయేది. ఆ పడవల్లో ఒకటి మండవల్లి వైపు దించుతుందని ఆయన నన్ను కూడా ఎక్కించుకున్నారు. లోపల ఒక చెక్కబల్లే సీటు. బావగారి పక్కన నేను కూర్చోకూడదు, మధ్యలో ఆయన కూర్చునే వీలు లేదు. నడిపేది ఆయనాయె. అందుకని బావగారు వెనక బస్తాల మీదికెక్కి నాకు చోటిచ్చారు.

ఏలూరు దాటేదాకా రోడ్డు బాగానే ఉంది. ఆ తరవాత కంకర పోయి మట్టి గట్టు మొదలైంది. ఎడమ పక్క నీళ్లు, కుడి పక్క మడులు. ముందురోజు వానకి గట్టు నానింది. లారీ ఒక పక్కకి ఒరిగి, మళ్లీ సర్దుకుని పోతుంటే నేను సీటు చెక్కని రెండు చేతులా పట్టుకున్నాను. నీళ్లలో గూడబాతులు గుంపుగా తేలుతున్నాయి. వాటిని చూడమని ఆయన చెప్పారు. నేను తల తిప్పలేదు.

తూము దగ్గర గుంతలో ముందు చక్రం దిగింది. తుపాకీ పేలినట్టు చప్పుడైంది. లారీ నా వైపుకి, అంటే నీళ్ల వైపుకి, కుంగిపోయింది. ఆయన స్టీరింగు చక్రం మీదికి వాలిపోయి దాన్ని కుడి పక్కకి లాగుతూ బ్రేకు తొక్కారు. ఆగాక నేను పక్కకి చూస్తే గట్టు కనబడలేదు. నీళ్లే కనిపించాయి.

"ఇటు దిగు. మెల్లిగా. ఊపకు," అన్నారు. ఆయన గొంతు అలా పలకడం నేను అంతవరకూ వినలేదు.

ఆయన వైపు నుంచే దిగాను. బావగారు అప్పటికే మోకాళ్ల మీద కూర్చుని ఎడమ కమానుని చేత్తో తడుముతున్నారు. అన్నిటికన్నా పైనుండే పెద్దపట్టీ విరిగింది. ఎడమ చక్రానికీ గట్టు అంచుకీ మధ్య మూరెడు నేల కూడా లేదు. పడమట మబ్బు పడుతోంది.

"వాన గట్టిగా పడితే ఈ అంచు నిలవదు అన్నయ్యా," అన్నారు ఆయన.

"రేవుకెళ్లి బల్లచెక్కలూ మనుషుల్నీ తెస్తా. బస్తాలు దింపి అప్పుడు చేద్దాం. నువ్వు ఈలోగా తొందరపడి కిందకి దూరకు," అని చెప్పి బావగారు గట్టు వెంట వడివడిగా వెళ్లిపోయారు.

మా ఆయన మబ్బు చూశారు, గట్టు చూశారు. తరవాత చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, ఒక చదునైన రాయి మీద జాకీ నిలబెట్టి చట్రాన్ని పైకి ఎత్తారు. ఇరుసుకీ చట్రానికీ మధ్య ఒక చెక్కదుంగ దోపారు. కొత్తపట్టీ ఒకటి ఎప్పుడూ లారీ పక్కకి కట్టే ఉండేది. దాన్ని విప్పి దగ్గర పెట్టుకున్నారు.

"వద్దండీ. బావగారు వద్దన్నారు కదండీ."

"బోల్టులు వదులు చేసి ఉంచుతానంతే. వాళ్లొచ్చేసరికి సగం పనవుతుంది."

చినుకులు మొదలయ్యాయి. బోల్టులు వదులు చేస్తానన్న మనిషి లారీ కిందకి దూరి వాటిని పూర్తిగా తీసేశారు. పిన్నులు కొట్టి ఊడదీశారు. పట్టీల కట్ట ఇరుసు మీద నుంచి జరగడం నేను వంగి చూస్తున్నాను. అప్పుడు జాకీ కింద రాయి ఒక మూల దిగడం చూశాను. నిదానంగా, ఎవరో కింద నుంచి లాగుతున్నట్టు దిగింది. అరవాలనుకున్నాను. లారీ మూలిగింది. చట్రం కిందకొచ్చి దుంగ మీద ఆగింది. బస్తాలు ఒక్కసారి అటు సర్దుకున్నాయి.

ఆయన అరవలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"ఏవండీ, ఉన్నారా?"

మళ్లీ పిలిచాను. ఏదో చిన్న మూలుగు. బురదలో పడుకుని లోపలికి చూశాను. మోచేతి కింద ఆయన ఎడమ చెయ్యి చట్రానికీ అడ్డంగా ఇరుక్కున్న పట్టీలకీ మధ్య చిక్కుకుంది. ముఖం తెల్లగా పాలిపోయింది. దుంగ లేకపోతే ఆ చెయ్యి ఉండేది కాదు. ఆ దుంగ కూడా ఒక పక్కకి వంగి ఉంది.

"అన్నయ్య వస్తున్నాడా?" అన్నారు.

గట్టు మీద అటూ ఇటూ చూశాను. మనిషి జాడ లేదు. వాన తెర ఒకటి నీళ్ల మీదుగా మా వైపు వస్తోంది. ప్రార్థన చేద్దామని "ప్రభువా" అన్నాను. ఆ తరవాత మాట తోచలేదు. అదొక్కటే మళ్లీ మళ్లీ అన్నాను.

"జాకీ వదులుగా ఉందా చూడు," అన్నారు ఆయన. బరువు దుంగ మీద పడడంతో జాకీ మీద ఏమీ లేదు. చేత్తో కదిపితే కదిలింది. "దించి బయటికి తియ్యి. సీటు చెక్క లాక్కొచ్చి దాని కింద వెయ్యి. రాయి వద్దు."

సీటు తియ్యడానికి లారీ ఎక్కాలి. ఎక్కితే నా బరువుకి అది కదిలితే? మెట్టు మీద కాలు పెట్టి తీసేశాను. ఆఖరికి కింద నిలబడే, ఒళ్లంతా సాచి, చెక్కని కొస పట్టుకుని లాగాను. గోళ్లు విరిగాయి. చెక్క వచ్చి నా మీద పడింది. దాన్ని బురదలో పరిచి, జాకీ నిలబెట్టి, ఇనపకడ్డీ దూర్చాను.

"ఎటు తిప్పమంటారండీ?"

"కుడికి."

ఆయన వెల్లకిలా ఉన్నారు, నేను బోర్లా ఉన్నాను. ఎవరి కుడి? తప్పు తిప్పితే ఏమవుతుందో ఊహించుకుని నా చేతులు కడ్డీ మీద బిగుసుకుపోయాయి.

"మీ కుడా, నా కుడా?"

ఆయన కళ్లు మూసుకుపోతున్నాయి. అప్పుడు జాకీ తల వైపు చూస్తూ కడ్డీని పిసరంత తిప్పాను. తల కిందకి జారింది. రెండో వైపు తిప్పాను. పైకి లేచింది. ఇక అదే వైపు తిప్పుతూ పోయాను. జాకీ చట్రానికి తగిలాక కడ్డీ కదల్లేదు. మోకాళ్లు నేలకి తన్ని, ఉన్న బలమంతా పెట్టి లాగాను. చెక్క బురదలోకి కొంచెం దిగింది. ఇంకా దిగుతుందేమోనని దాన్నే చూశాను. దిగలేదు. ఆగింది. చట్రం కిర్రుమని వెంట్రుకవాసి లేచింది.

"ఇంకొంచెం," అన్నారు ఆయన.

ఇంకొంచెం తిప్పాను. ఆయన చెయ్యి లాక్కుని, వీపు మీద పాకుతూ బయటికొచ్చారు. నేను ఆయన్ని చంకల కింద పట్టుకుని మడుల వైపుకి ఈడ్చాను. లారీకి దూరంగా, బాగా దూరంగా. ఇంక చాలన్నా ఆగలేదు. ఆ తరవాత బురదలోనే కూలబడి ఏడుపు లంకించుకున్నాను. చెయ్యి విరిగిన మనిషి నన్ను ఊరుకోబెట్టారు.

జోరువానలో బావగారు పడవవాళ్లతో వచ్చారు. తమ్ముడి చెయ్యి తడిమి చూశారు. తన పైగుడ్డ చింపి రెండు కర్రముక్కలతో కట్టు కట్టారు. పడవవాళ్లు బస్తాలు దింపి, తడవకుండా గోనెపట్టాలు కప్పారు. జాకీ కిందా, గట్టు అంచునా బల్లచెక్కలు పరిచారు. అప్పుడు బావగారు లారీ కిందకి వెళ్లారు. నేను చెవులు మూసుకుని మడి గట్టున కూర్చున్నాను. చూపు ఆనని ఆ మనిషి వేళ్లతోనే బెజ్జం వెతుక్కుని, కొత్తపట్టీ పేర్చి, పిన్నులు దిగగొట్టి, బోల్టులు బిగించారు. మా ఆయన కూర్చున్నచోటు నుంచే ఏదేదో చెబుతూనే ఉన్నారు. బావగారు ఒకసారి మాత్రం విసుక్కున్నారు: "నువ్వు కాసేపు నోరు మూసుకుంటావురా?"

లారీ తిప్పుకోవాలంటే రేవు దాకా పోక తప్పదు. ఆయన ఒంటిచేత్తో నడిపారు. నేను ఎక్కనన్నాను. బావగారు బతిమాలారు, నేను మాత్రం వానలో ముందు నడిచాను. లారీ నా వెనకాల నిదానంగా వచ్చింది. ఆ చప్పుడు వీపుకి తగులుతూనే ఉంది. రేవులో పడవ ఎక్కలేదు. మా అమ్మకి పడవవాళ్లతో కబురంపి, ఆయనతోపాటు అదే లారీ ఎక్కి ఏలూరు మిషన్ ఆసుపత్రికి వెళ్లాను. ఎముక విరిగిందన్నారు, కట్టు కట్టారు. అమ్మకి జ్వరం దానంతట అదే తగ్గింది. లేచి తిరగ్గానే ఆవిడే గూడెం వచ్చి అల్లుణ్ణి చూసి వెళ్లింది.

ఎముక అతికింది గాని చిటికెన వేలికీ దాని పక్క వేలికీ పట్టు రాలేదు. ఆ చేత్తో పానా నిలిచేది కాదు. అయినా ఒక శనివారం సాయంత్రం ఆయన గోనెసంచి పరిచారు. నేను వంటింట్లోంచి చూశాను. పొయ్యి మీద ఎసరు అలాగే వదిలేసి వచ్చి చక్రం పక్కన చతికిలబడ్డాను. బావగారు ఇరుసు కింద దుంగలు పేరుస్తున్నారు. ఒకటి సరిపోదన్నాను. రెండోది కూడా పెట్టారు. అదీ నేను చేత్తో నొక్కి చూశాను.

"భయమైతే లోపలికి పోవే," అన్నారు మా ఆయన లారీ కింద పడుకుని.

"లోపలుంటే ఇంకా భయమండీ."

ఆయన ఎడమ చెయ్యి బయటికి చాచారు. ఆ వేళ్లలో నిలిచేలా పానాని పెట్టి, పైనుంచి నా చెయ్యి వేసి పట్టుకున్నాను. మరోచేత్తో ఆయన బోల్టు తిప్పారు.