టక్కా, టకటకా అని అడిగే సాంబశివరావు

మిత్రుడు సాంబశివరావు పరమపదించాడన్న వార్త విని నాటింగ్‌హామ్ నగరం యావత్తూ శోకసాగరంలో మునిగిపోయింది. ఇలా రాస్తే బాగుంటుంది గానీ, మునగలేదు. నగరం ఎప్పటిలాగే బస్సులెక్కి పనికి పోయింది. మునిగినవి మా వీధిలో రెండిళ్ళు, ఆయనదీ, దాని పక్కన నాదీ. తెల్లవారగానే ఆయన భార్య అనసూయమ్మ ఫోన్ చేసి, "అన్నయ్యగారూ, అయిపోయింది" అంది. ముందురోజు సాయంత్రమే ఆసుపత్రిలో ఆయన మంచం పక్కన కూర్చుని వచ్చినవాణ్ణి. ఏమయిపోయిందో అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది.

ఆయన ఉద్యోగం ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీయడం. రిటైరయ్యాక చేపట్టిన వ్యాసంగం, కదలని కారును ఫోన్లోంచి కదిలించడం. ఇక్కడి చలికి మన పిల్లలు కొనుక్కున్న పాతకార్లు తాళం తిప్పగానే చిన్న చప్పుడు చేసి ఊరుకుంటాయి. అప్పుడు అందరికీ గుర్తొచ్చేది ఈ అంకులే. వేలాది వాహనాలకు పునర్జన్మ ప్రసాదించిన మహానుభావుడు! వేలంటే మరీ ఎక్కువ. చలికాలంలో వారానికో ఫోను వచ్చేది. అది రాని వారం ఆయన ముఖం చూడలేకపోయేవాళ్ళం.

ఒకసారి కార్డిఫ్ నుంచి ఒక డాక్టరమ్మ చేసింది. డ్యూటీకి వేళవుతోంది, కార్లు నిలిపే చోట ఇరుక్కుపోయింది.

"అంకుల్, స్టార్ట్ అవట్లేదు. ఊరికే క్లిక్ అంటోంది."

"క్లిక్కంటే నాకు తెలీదమ్మా. తెలుగులో చెప్పు. టక్కుమందా, టకటకలాడిందా?"

"ఫోన్ దగ్గర పెడతాను, మీరే వినండి."

"నేను వినను. నువ్వే నోటితో చేసి చూపించు."

"టకటకటకటక! అంకుల్, అందరూ నన్నే చూస్తున్నారు!"

"చూడనీ. నీ బ్యాటరీ నీరసపడింది. హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పు. వెలుగు చచ్చిపోయిందా? ఆఁ, అదే. కొత్తది కొనడానికి పరిగెత్తకు, ముందు పాత వైరు బిగించు."

ఆ అమ్మాయి బానెట్ ఎత్తి చూస్తే, బ్యాటరీ కొన మీద తెల్లటి బూజు, చేత్తో పట్టుకుంటే ఊగే వైరు. తుడిచి బిగించి తిప్పితే కారు కదిలింది. అదే ఒక్క టక్కు కొట్టి ఊరుకుని, లైట్ల వెలుగు తగ్గకపోతే, బ్యాటరీ బాగానే ఉన్నట్టు, ఇంజన్ను తిప్పే స్టార్టర్ మొరాయించినట్టు. ఆయన శాస్త్రమంతా ఈ రెండు మాటల్లో ఇమిడి ఉండేది.

ఆయన నిర్ణయం ఏనాడూ గురి తప్పలేదు. నా కారు విషయంలో తప్ప. బ్యాటరీ మార్చమన్నాడు. మార్చాను. కారు ఉలకలేదు, పలకలేదు. పోట్లాటకు వెళితే, "నువ్వు టకటకా అన్నావు కదయ్యా!" అన్నాడు. నిజమే, అన్నాను. కొట్టింది ఒక్క టక్కే. చెప్పేటప్పుడు మరి కాస్త దట్టంగా ఉంటే బాగుంటుందనిపించింది.

తెలుగు సంఘం సభలో నేనే మైకు పట్టుకుని, యంత్రశాస్త్రానికి సైతం మాతృభాషను నేర్పిన భాషాభిమాని ఈయన అని కీర్తించాను. చప్పట్లు మోగాయి. ఆయన తల వంచుకున్నాడు. అది వినయం కాదు. ఫోను గొంతు పెంచుకుంటే మాటలు అందేవి గానీ, కారు చేసే ఆ సన్నటి చప్పుడు ఆయనకు వినపడదు. కారు పక్కన నిలబడ్డా వినపడదు. అందుకే ఎదుటివాళ్ళ నోటితో పలికించుకునేవాడు. ఈ సంగతి అనసూయమ్మకూ నాకూ మాత్రమే తెలుసు. చెవికి పెట్టుకునే మిషన్లు సొరుగులో పడి ఉండేవి. పెట్టుకోమంటే, "చెవిటాయన కారు చప్పుడేం చెబుతాడులే అంటారయ్యా. ఫోన్లు ఆగిపోతాయి" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు గానీ, భయం భయమే.

ఈ చలికాలం ఊపిరితిత్తులకు జబ్బు చేసి మంచాన పడ్డాడు. పోవడానికి ముందురోజు సాయంత్రం, ఆసుపత్రిలో ఆయన దగ్గర నన్ను కూర్చోబెట్టి, అనసూయమ్మ బట్టలు తేవడానికి ఇంటికి వెళ్ళింది. మాస్కు వేసుకున్న కుర్ర డాక్టరొకాయన వచ్చి, కర్టెన్ లాగి, కూర్చుని, మెత్తటి గొంతుతో ఓపిగ్గా చెప్పాడు. మీ గుండె ఆగితే ఛాతీ మీద నొక్కి ప్రయత్నించవచ్చు, కానీ మీ పరిస్థితిలో ఫలితం దక్కే ఆశ తక్కువ. ప్రయత్నించమంటారా?

సాంబశివరావు ప్రసన్నంగా నవ్వాడు. "నో నో, అయామ్ ఫైన్, థ్యాంక్యూ" అన్నాడు.

ఇంగ్లీషులో ఎవరేమడిగినా, వినపడకపోతే ఆయన జవాబు అదే. టీ కావాలా అన్నా అదే, సంచీ కావాలా అన్నా అదే. డాక్టరు మళ్ళీ అడిగాడు. ఈయన మళ్ళీ అదే జవాబిచ్చి తల ఊపాడు. ఈయనకు చెవులు వినపడవండీ అన్న ముక్క నా గొంతుదాకా వచ్చింది. సాంబశివరావు నా వైపు చూశాడు. మింగేశాను. ఎవరికి తెలుసు, విన్నాడేమో, విని తేల్చుకున్నాడేమో అనుకున్నాను. తెల్లవారుజామున ఆయన గుండె ఆగితే, ఎవరూ ఛాతీ మీద చెయ్యి వెయ్యలేదు.

దహనం అయ్యాక అనసూయమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. ఆయనే వద్దన్నాడని ఆసుపత్రివాళ్ళు ఆమెకు చెప్పారట.

"ఆ డాక్టరు అడిగింది ఆయనకి వినిపించిందా, అన్నయ్యగారూ?"

"అక్షరం పొల్లుపోకుండా విన్నాడమ్మా! స్థితప్రజ్ఞుడిలా..."

"మీ అలంకారాలు వద్దు. జరిగింది చెప్పండి."

"తెలీదమ్మా."

"వినపడదని చెప్పారా?"

"చెప్పలేదు."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. సింకు వైపు తిరిగి కుళాయి తిప్పింది. "నేనున్నా చెప్పేదాన్ని కాదేమో. ఎంత కోపమొచ్చేదో ఆయనకి" అంది. తర్వాత, "మీరెలాగూ ఏదో రాస్తారుగా. ఇదీ రాయండి. మన ఇళ్ళల్లో ఇలా తలలూపేవాళ్ళు ఇంకా ఉన్నారు" అంది.

రాశాను. ఆ సహృదయుడి పాదాలకు నా మొక్కులు. అటువంటి మిత్రుడు ఈ భూమ్మీద మరొకడు పుట్టడు అని కూడా రాసి కొట్టేశాను. పుడతాడేమో. వాడు పెరిగి పెద్దవాడై మా పక్కింటికి వచ్చేదాకా నేనుండను.