గోడ గడియారం పట్టుకున్న డైరెక్టర్

ఆ రోజుల్లో మా గోదావరిఖనిలో కెమెరా పట్టుకున్న ఆడపిల్ల కనిపిస్తే పెళ్లి ఎవరిదని అడిగేవారు. సినిమా తీస్తున్నానంటే హీరో ఎవరని అడిగేవారు. హీరో లేడు, మా అమ్మే ఉందంటే ఇక ఏమీ అడగకుండా జాలిగా చూసి మంచినీళ్లు ఇచ్చేవారు. ఇప్పుడు సభల్లో నన్ను 'బొగ్గుగనుల ప్రాంతం నుంచి వచ్చిన తొలి మహిళా స్వతంత్ర దర్శకురాలు' అని పరిచయం చేస్తుంటే నాకు ఆ మంచినీళ్ల గ్లాసులే గుర్తొస్తాయి. (అంత పొడుగు బిరుదు చదివేసరికి చదివినవాళ్లకే దాహం వేస్తుంది, అది వేరే సంగతి.)

డిగ్రీ అయ్యాక నేను ఒక ఫొటో స్టూడియోలో పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసేదాన్ని. తలంబ్రాల మీద గులాబీ రేకులు రాల్చడం, పెళ్లికొడుకు ముఖాన్ని గుండె బొమ్మలో ఇరికించడం నా పని. అందులో నాకు మంచి పేరే ఉండేది. కానీ మనసంతా సొంత సినిమా మీద. గనిలోకి దిగిన భర్త పైకి రాలేదన్న కబురు విన్న ఒక ఇల్లాలి కథ రాసుకున్నాను. మా బాపు, అదే మా నాన్న, ఒక్కటే షరతు పెట్టాడు. "గీ ఒక్కటి తియ్యి బిడ్డా, నేనేమన. మంచిగైతె నీ ఇష్టం. కాకపోతె సప్పుడు జెయ్యక బీఎడ్‌ల చేరాలె." స్టూడియో నడిపే అన్న ఒక్క రోజుకు కెమెరా ఇస్తూ, "పొద్దుగూకేసరికి నాకు కావాలె చెల్లె, రిసెప్షన్ ఉన్నది" అన్నాడు. అంటే నా బతుకు సినిమానా, బీఎడ్డా అన్నది ఆ సాయంత్రానికల్లా తేలిపోవాలి.

మా క్వార్టర్‌కు దగ్గర్లోనే నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్ గని. రోజూ మధ్యాహ్నం అన్నాలు తిన్నాక అక్కడ బండలు పేల్చే బ్లాస్టింగ్ చేసేవారు. ముందు సైరన్ మోగేది, కాసేపటికి ఇల్లంతా అదిరేది. అందుకని మా ఇంట్లో ఎవరి వస్తువు వాళ్లకు పంచి ఉండేది. గూట్లోని స్టీలు డబ్బాలు అమ్మవి, టీవీ బాపుది, గోడ గడియారం నాది. సైరన్ వినపడగానే మాట ఆపకుండానే లేచి, ఎవరిది వాళ్లం పట్టుకుని, అదురు ఆగాక వదిలేసి, మళ్లీ ఎవరి చోట వాళ్లం కూర్చునేవాళ్లం. చుట్టాలొస్తే వాళ్లకూ ఏదో ఒకటి అప్పగించేవాళ్లం. మా మేనత్త అయితే సంచీ కింద పెట్టకముందే "నాకు గణపతి బొమ్మనే ఇయ్యాలె" అనేది.

బ్లాస్టింగ్‌కు ముందే షూటింగ్ ముగించాలని నా లెక్క. కానీ కబురు తెచ్చే వేషం వేసింది పక్క క్వార్టర్ కాక, నాకు చిన్నాన్న వరస. నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకున్న మనిషిని లేపి, రంగంలోకి దింపితే, 'అన్న బాయిల ఇరుక్కున్నడు' అన్న మాట ఆయన నోట రానే రాలేదు. (నేల కిందికి దిగే గనిని మా దగ్గర బాయి అంటారు.) "మీ బాపు గా కుర్సీల కూసుండి నన్నే చూడవట్టె. ఎట్లంట బిడ్డా? బాయిల దిగెటోళ్లం, గసొంటి మాట ఇంట్ల అనద్దు" అన్నాడు. "అనరాదురా, సినిమానే గద" అని బాపు అంటే, "నువ్వూకో అన్నా!" అని ఆయన మీదికే లేచాడు. బతిమాలాను, అలిగాను. చివరికి ఆ మాటే తీసేసి, గనిలో పెట్టుకునే టోపీ చేతిలో పట్టుకుని గుమ్మంలో ఊరికే నిలబడమన్నాను. అప్పటికి అన్నాల వేళ దాటింది.

"కదలద్దమ్మా. ఏడ్వద్దు. ఊకెనే నిలబడు" అని అమ్మకు చెప్పాను.

"ఏడ్వకుంటె ఎవ్వలు నమ్ముతరే?" అంది. అయినా నిలబడింది.

కాక గుమ్మంలోకి వచ్చాడు. అమ్మ ఆ టోపీ వైపు చూసిన చూపుకు ఇది సినిమా అని నేనే మరిచిపోయాను. సరిగ్గా అప్పుడే సైరన్ మోగింది. అమ్మ కళ్లు టోపీ మీద నుంచి కదలలేదు కానీ, చెయ్యి మాత్రం దానంతటది లేచి డబ్బాలకు అడ్డం పడింది. బాపు వెళ్లి టీవీని వాటేసుకున్నాడు. (టీవీ ఫ్రేములో లేకపోవడం నా అదృష్టం. కథ ప్రకారం ఆయన గనిలో ఇరుక్కుని ఉండాలి.) ఇక డైరెక్టరమ్మ కెమెరాను స్టాండు మీద దాని మానాన వదిలేసి, అమ్మ వెనక నుంచి తిన్నగా నడిచి వెళ్లి, గోడ గడియారాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడింది.

అదురు ఆగాక గానీ నేనెక్కడున్నానో నాకు తెలియలేదు. ఈలోగా బయట, చెప్పినదానికన్నా ముందే వచ్చేసిన స్టూడియో అన్న బండి హారన్. మళ్లీ తీసే వీల్లేదు. నేను కింద కూలబడి ఏడ్చేశాను. "నేను కదల్లె గదనే, చెయ్యొక్కటే కదిలింది" అంటుంది అమ్మ. "పోనితియ్ బిడ్డా, టీచర్లకు మస్తు ఇజ్జత్ ఉంటది" అని కాక ఓదార్పు.

వేరే గతి లేక ఆ షాట్ అలాగే ఉంచేశాను. కాలనీ కమ్యూనిటీ హాల్లో సినిమా వేసిన రోజు, పారిపోవడానికి వీలుగా తలుపు దగ్గర నిలబడ్డాను. ఆ ఘట్టం వచ్చింది. తెర మీద సైరన్ మోగింది. జనం గొల్లున నవ్వుతారని కళ్లు మూసుకున్నాను. ఎవరూ నవ్వలేదు. కళ్లు తెరిచి చూస్తే హాలు నిండా ఆడవాళ్ల చేతులు లేచి ఉన్నాయి. పట్టుకోవడానికి ఏమీ దొరక్క ఒకామె ముందు కుర్చీని పట్టుకుంది, ఇంకొకామె పక్కనున్న పిల్లాడి నెత్తి పట్టుకుంది. తెర మీద ఇల్లు అదిరి ఆగింది. అప్పుడు ఎవరో అవ్వ కొంగుతో కళ్లొత్తుకుంటూ, "అయ్యో తల్లీ, మనిషి రాలేదని తెల్సినంక గూడ డబ్బాలు పట్టుకోవాలెనా!" అంది. గడియారం పట్టుకున్న పిల్లను అందరూ ఆ ఇంటి బిడ్డే అనుకున్నారు. నిజమే కదా.

ఇంటికి వచ్చాక బాపు క్వార్టర్ గేటు తీస్తూ, "బీఎడ్ ఫికర్ వెట్టుకోకు. కాకపోతె ఇంకోపారి గడియారం సంగతి నేను జూస్కుంట, నువ్వు కెమెరా ఇడువకు" అన్నాడు. ఆ మాటకు నాకు మళ్లీ ఏడుపొచ్చింది.

తర్వాత చాలా సినిమాలు తీశాను. ఏ ఊళ్లో షూటింగ్ అయినా, భోజనాలయ్యాక నా చూపు గోడ మీది గడియారం వైపు పోతుంది. ఆలస్యమైందని చూస్తున్నాననుకుని మా అసిస్టెంట్ పిల్లలు గబగబా పనిలో పడతారు. అప్పుడప్పుడు ఆ మొదటి సినిమా పెట్టుకుని, అమ్మ వెనక నిలబడ్డ ఆ పిల్లను చూస్తాను. సినిమా పాడు చేశానని దానికింకా తెలియదు. గడియారం మాత్రం ఎంత భద్రంగా పట్టుకుందో, పిచ్చిపిల్ల.