ఆ చెయ్యి పెద్దమ్మది

మొన్న సోమవారం తెల్లవారుజామున మా పక్కింటి పెద్దమ్మ పోయింది. నిద్రలోనే పోయింది. నంద్యాలలో మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. అవతల బకెట్ల చప్పుడు వినబడకపోతే నేనే వెళ్లి తలుపు తట్టాను. మాకు చుట్టరికమేమీ లేదు. అయినా ఈ నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను.

ఆమె పుట్టిల్లు ఆళ్లగడ్డ. విగ్రహాలు చెక్కే వీధి, చెక్కే ఇల్లు. ఆ ఇంట్లో మగపిల్లల చేతికి ఉలి ఇచ్చారు. ఆడపిల్లలకు, చెక్కిన రాయి మీద నీళ్లు పోసి నున్నగా రుద్దే పని. పెద్దమ్మా రుద్దింది. పెళ్లయి నంద్యాల వచ్చి, బియ్యం మిల్లు గుమాస్తా భార్యగా ఏళ్ల తరబడి వంట చేసింది. కానీ ఆ వీధి ఆమెను వదల్లేదు. రాయి కనబడితే చాలు, వేలి కణుపుతో కొట్టి, లోపల పగులుందేమోనని చెవి ఒగ్గేది. మేం ఇల్లు కట్టుకుని బేతంచెర్ల బండలు పరిపిస్తే, గృహప్రవేశానికొచ్చిన మనిషి విస్తరి ముందు కూర్చోకుండా గదిగదికీ వెళ్లి బండలు కొట్టుకుంటూ తిరిగింది. "ఏందీ, పెద్దమ్మ ఏమన్నా పోగొట్టుకున్యాదా?" అని మా ఆయన నా చెవిలో అడిగాడు.

భర్త పోయాక, డోన్‌లో కూతురు కుదురుకున్నాక, ఒకరోజు సద్ది డబ్బా కట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కింది. అన్న షెడ్డుకు వెళ్లి తనకూ ఒక ఉలి ఇమ్మని అడిగిందట. అన్న నవ్వాడట, నవ్వుతూనే ఒకటి ఇచ్చాడట. మా వీధిలోనూ నవ్వని వాళ్లు లేరు. "ఈ వయసులో దుమ్ము మింగను పోతాండావా?" అని ఒకావిడ మొహం మీదే అడిగింది.

"యాడ కూచున్నా మింగేదే గదమ్మా. నాకు నచ్చిన దుమ్ము మింగుతాండా" అంది పెద్దమ్మ.

రోజూ వెళ్లొస్తూ మొదట రోళ్లు చెక్కింది. తర్వాత తులసికోటలు. ఆపైన విగ్రహాల పాదాలు, చేతులు, చివరికి ముఖాలు. అన్న నోరు తెరిచి మెచ్చుకోలేదు గానీ, ముఖాల పనంతా ఆమె వైపే నెట్టడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. విగ్రహం కోసం వచ్చిన ఊరిపెద్దలు ఆ ముఖం చూసి, మంచినీళ్లు తెచ్చిన పెద్దమ్మతోనే "మీయన్న చెయ్యి శానా బాగుందమ్మా" అనేవారు. అన్న పక్కనే ఉండి కూడా మాట్లాడేవాడు కాదు. ఆడమనిషి చెక్కిందంటే గుడికి తీసుకుపోరేమోనని ఆయన భయం.

"నువ్వన్నా చెప్పొచ్చు గదా" అని ఒకసారి గట్టిగానే అడిగాను.

"నేను చెప్పుకుంటే ఏం బాగుంటాది? ఆయప్ప నోట్లోంచి రావల్ల" అంది. మళ్లీ తనే, "ఆ ఉలి సప్పుడు వింటానే పుట్టినా పాపా. సెవుల్లోకి అదే వచ్చింది. సేతుల్లోకి మాత్రం నేను తెచ్చుకున్యా. ఆ మాట ఆయప్ప ఒక్కసారి అంటే సాలు నాకు" అంది.

సాయంత్రం ఆమె బస్సు దిగి నడిచొస్తుంటే, ఈరోజూ అనలేదని ముఖం చూస్తేనే తెలిసిపోయేది. పాపమనిపించేది. అయినా మర్నాడు మళ్లీ సద్ది కట్టుకునేది. నువ్వెవరని ఎవరైనా అడిగితే ఊరిపేరు, ఇంటిపేరు, మా ఆయన ఉద్యోగం చెప్పడం నాకలవాటు. వీటిలో నేను ఎంచుకున్నదేది అన్న ఆలోచన పెద్దమ్మ పక్కన బతకబట్టే నాకు వచ్చింది. అందుకు ఆమెకు జన్మంతా కృతజ్ఞురాలిని.

కబురు తెలిసి వచ్చిన అన్న, చెల్లెల్ని ఆళ్లగడ్డకే తీసుకుపోతానన్నాడు. వ్యానులో నేనూ వెళ్లాను. ఆ వీధిలో ఒక కట్టుబాటుంది. శిల్పి పోతే శవం లేచేదాకా ఎవరూ ఉలి ముట్టరు. ఆ ఇళ్ల ఆడవాళ్లు పోతే పని ఆగదు. పెద్దమ్మ తల్లి పోయిన రోజు కూడా ఆగలేదట. వ్యాను మలుపు తిరుగుతుంటే నేను చెవులు రిక్కించాను. ఉలి చప్పుడు లేదు. కోత మిషన్ల చప్పుడూ లేదు.

సంగతి తెలియక విగ్రహం కోసం కారులో వచ్చిన ఆసామి ఒకాయన షెడ్డు ముందు నిలబడి ఉన్నాడు. "ఏందప్పా, ఈపొద్దు పని నిలిపేసినారు?" అని అన్నను అడిగాడు.

"శిల్పి పోయినాదప్పా" అన్నాడు అన్న. షెడ్డులోని విగ్రహాల వైపు చెయ్యి చూపి, "మా సెల్లెలు. ఆ ముఖాలన్నీ ఆయమ్మ సెక్కినవే" అన్నాడు.

ఆసామి చెప్పులు విడిచి పక్కకు జరిగాడు. వీధి పొడవునా శిల్పులు షెడ్లలోంచి బయటికొచ్చి నిలబడ్డారు. అందరి చేతులూ ఖాళీగా ఉన్నాయి.