పైకప్పు మీద మగ్గం

మొన్న తిరుపతిలో మా వియ్యంకుల ఇంటికి వెళితే, టిఫిన్ డబ్బా అంత కూడా లేని ప్రొజెక్టరు ఒకటి బల్ల మీద పెట్టి గోడ నిండా పెళ్ళి వీడియో చూపించారు. అందరూ బొమ్మ చూస్తుంటే నేను దాని వెనక చెయ్యి పెట్టి చూశాను. వేడే లేదు. ఒకప్పుడు టీవీలు విప్పి బతికిన నాబోటి వాళ్ళకు వేడి లేని వెలుగంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. నేను చేసిన ప్రొజెక్టరు పక్కన మనిషి నిలబడలేకపోయేవాడు.

అప్పట్లో నగరిలో నాకు టీవీ రిపేరు షాపు ఉండేది. బావ పోయాక అక్క మా ఇంటికే వచ్చేసి, అమ్మతో నాతో ఉంటూ, పక్క వీధిలో మరమగ్గాల షెడ్డుకు పనికి వెళ్ళేది. ఒకరోజు నేసిన గుడ్డల మూటతో షెడ్డు అటక మీంచి నిచ్చెన దిగుతూ జారిపడింది. మెడ ఎముక విరిగింది. తిరుపతి డాక్టర్లు ప్రాణం నిలిపారు గానీ, మెడ కింద ఇక కదలిక రాదని చెప్పి పంపేశారు. ఆనాటి నుంచి వెల్లకిలా పడుకున్న అక్కకు కనిపించేదల్లా సున్నం పెచ్చులూడిన పైకప్పే. టీవీ పక్కన పెడితే తల తిరగదు. పైన అద్దం వేలాడదీసి అందులో చూపించబోతే, కళ్ళు లాగుతున్నాయని మూసుకునేది.

బొమ్మను పైకప్పు మీదికే వేస్తే ఏమని అప్పుడు పట్టుకుంది నాకు పిచ్చి. చిత్తూరులో పాత సామాన్ల అంగట్లో, వెనక లైటు పోయి తెర మాత్రం బాగున్న కంప్యూటర్ మానిటరు దొరికింది. ఏదో కాలేజీవాళ్ళు పారేసిన ప్రొజెక్టరు నుంచి బొమ్మను పెద్దది చేసే అద్దాలు పీకాను. అంగడి బోర్డుకు వాడి తీసేసిన పెద్ద లైటు, రెండు ఫ్యాన్లు, ఒక రేకు పెట్టె. మొదటి తెర ఆ వేడికి నల్లగా కమిలిపోయింది, రెండోది వెతికి తెచ్చేసరికి ఎండలు ముదిరాయి. ఆ నెలలన్నీ నేను షాపులోనే ఉన్నాను. అక్క పిలుస్తోందని అమ్మ వచ్చినప్పుడల్లా, ఇదంతా అక్క కోసమే కదా అని విసుక్కునేవాణ్ణి. ఒకసారి అమ్మ షాపు మెట్టు మీదే నిలబడి, "అది బొమ్మలు అడగలేదురా అబ్బోడా, నువ్వు యాడుండావని అడగతా ఉండాది," అనింది. నేను తల ఎత్తలేదు.

చివరికి పెట్టె వెలిగింది. సినిమాలు ఎవరైనా చూపిస్తారు, అక్కకు తన షెడ్డే చూపించాలనుకుని, పెళ్ళి వీడియోలు తీసే స్నేహితుడి కెమెరాతో వెళ్ళి వీడియో తీసుకొచ్చాను. మర్నాడు కాక ఆ మర్నాడు, మధ్యాహ్నం పూట కిటికీలకు గోనెపట్టలు కట్టి, పెట్టెను మంచం పక్కన నేల మీద పైకి తిప్పి పెట్టి స్విచ్చి వేశాను. పైకప్పు మీద అక్క మగ్గం ఆడింది. దాని ముందు ఇంకెవరో ఆడపిల్ల నిలబడి ఉంది. తీసేటప్పుడు ఆ సంగతి నాకు తోచనే లేదు. నా ధ్యాసంతా బొమ్మ స్పష్టంగా పడడం మీదే ఉంది.

"రేయ్, అంచు పక్క నూలు తెగింది సూడు," అనింది అక్క. "ఆ పాప సూసుకోలేదు. మగ్గం నిలపమని చెప్పు."

"అది మొన్న తీసింది కదక్కా."

తప్పు పడిన గుడ్డ అలాగే నేతకొస్తోంది. అక్క కంటి చివరల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి, తుడుచుకుందామంటే చెయ్యి లేవదు, నేనేమో ఇంకా పెట్టె వెనకే నిలబడి ఉన్నాను.

"ఆపేయ్ రా. ఆపేసి ఈడొచ్చి కూర్చో."

కూర్చున్నాను. కళ్ళు తుడిచాను. ఎంతోసేపు కాదు, షాపుకు ఎవరో వచ్చారంటే లేచి వెళ్ళిపోయాను. వీపు మీద పుండ్లు ముదిరి, జ్వరం తగిలి, వానలు రాకముందే అక్క పోయింది.

మా కాలంలో చెడిపోయిన ప్రతిదాన్నీ విప్పేవాళ్ళం, విప్పితే ఏదో ఒక దారి దొరికేది. ఇప్పుడు వస్తున్నవి విప్పడానికి మరలు కూడా కనిపించవు. పాడైతే పారేసి కొత్తది తెచ్చుకోవడమే. దానికి నా తోటివాళ్ళు బాధపడుతుంటారు, నేనూ తల ఊపుతాను. కానీ ఎవరైనా మంచాన పడ్డారని తెలిసి చూడబోయినప్పుడు, వాళ్ళ గదిలో ఫ్యాను కిరకిరమంటున్నా ఇప్పుడు నేను పైకి చూడను. కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని, వాళ్ళు ఇక వెళ్ళిరమ్మనేదాకా కూర్చుంటాను.